డాక్స్ సబ్‌డొమైన్‌కి గిట్‌హబ్ పేజెస్ సరిపోతుందా, ఎస్3–క్లౌడ్‌ఫ్రంట్ పెట్టాలా?

కొత్తపేజీ: డాక్యుమెంటేషన్ సైట్. అంతా హెచ్‌టీఎంఎల్, బొమ్మలతో కలిపి 200 ఎంబీ. మెయిన్ డొమైన్ వేరే సర్వర్‌లో ఉంది, దాన్ని కదపకూడదు. ‘డాక్స్’ సబ్‌డొమైన్ ఒక్కటే బయటికి తిప్పాలి. గిట్‌హబ్‌లోని ఫైళ్లనే సైట్‌గా చూపే పేజెస్ ఒకటి, అమెజాన్ ఫైల్ స్టోరేజీ ఎస్3, దాని ముందు కాపీలు దాచి అందించే క్లౌడ్‌ఫ్రంట్ ఇంకోటి. ఏది పెట్టమంటారు?

జోన్‌ఫైల్: పేజెస్ పెట్టేయండి. సైట్ 1 జీబీ దాటకూడదు, బ్యాండ్‌విడ్త్ నెలకు 100 జీబీ వరకు. మీకు ధారాళంగా సరిపోతుంది. వరస మాత్రం తప్పొద్దు. ముందు గిట్‌హబ్ ఖాతా సెట్టింగ్స్‌లో, డొమైన్ మీదేనని చూపే టెక్స్ట్ రికార్డుతో డొమైన్ వెరిఫై చేయండి, తర్వాత రిపోలో (ప్రాజెక్టు ఫైళ్లుండే చోట) కస్టమ్ డొమైన్ రాయండి, ఆఖర్న డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరు ఎటు వెళ్లాలో చెప్పే పట్టీలో) సీనేమ్, అంటే ఒక పేరుని ఇంకో పేరుకి తిప్పే రికార్డు, పెట్టండి. సీనేమ్ ముందే పెట్టేస్తే ఆ పేరును ఇంకెవరైనా తమ రిపోకి తగిలించుకోవచ్చు.

పేరు గడిలో ‘డాక్స్’ అని మాత్రమే రాయండి. టార్గెట్ గడిలో మీ యూజర్‌నేమ్, దాని వెనక గిట్‌హబ్ డాట్ ఐఓ. రిపో పేరు అక్కడ రాకూడదు. కొన్ని ప్యానెళ్లు టార్గెట్ చివర చుక్క లేకపోతే మీ డొమైన్‌ని కూడా తగిలించేస్తాయి. డిగ్ (డీఎన్ఎస్ జవాబు చూపే కమాండ్) కొట్టి చూస్తే బయటపడుతుంది. అదే పేరుకి పాత ‘A’ రికార్డు (ఐపీ అడ్రస్ చూపేది) ఉంటే తీసేయాలి, సీనేమ్ పక్కన ఇంకోటి ఉండకూడదు.

ఎడ్జ్‌క్యాష్: జోన్‌ఫైల్ గారూ, పెట్టడం తేలికే, ఒప్పుకుంటా. కానీ హెడర్లు (పేజీతోపాటు సర్వర్ బ్రౌజర్‌కి పంపే సూచనలు) మన చేతిలో ఉండవు. ప్రతి ఫైలుకీ క్యాష్ (దాచిన కాపీ వాడుకునే గడువు) 10 నిమిషాలే. ఏడాదిపాటు మారని బొమ్మకీ అంతే. ఉచిత ప్లాన్‌లో రిపో పబ్లిక్‌గా ఉండాలి. యాక్సెస్ లాగులు రావు.

బకెట్‌రాజు: ఎస్3 వెబ్‌సైట్ ఎండ్‌పాయింట్‌కే (ఎస్3 తానే ఇచ్చే సైట్ చిరునామాకే) సీనేమ్ ఇస్తే పోదా? క్లౌడ్‌ఫ్రంట్ ఎందుకు?

ఎడ్జ్‌క్యాష్: పోదండీ. ఆ ఎండ్‌పాయింట్ హెచ్‌టీటీపీ మాత్రమే ఇస్తుంది, భద్రమైన హెచ్‌టీటీపీఎస్ ఇవ్వదు. పైగా బకెట్ (ఎస్3లో ఫైళ్లుండే డబ్బా) పేరు సబ్‌డొమైన్ పూర్తి పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. క్లౌడ్‌ఫ్రంట్ ముందు పెడితే ఈ రెండు తిప్పలూ ఉండవు, బకెట్ ప్రైవేటుగా ఉంచి ఆరిజిన్ యాక్సెస్ కంట్రోల్ (క్లౌడ్‌ఫ్రంట్‌కి బకెట్ చదివే అనుమతి) ఇస్తే చాలు. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ అమెజాన్ నార్త్ వర్జీనియా రీజియన్‌లోనే తీసుకోవాలి. వేరే రీజియన్‌లో తీస్తే జాబితాలోనే కనబడదు.

చాలామంది ఇరుక్కునేది ఆ తర్వాత. హోమ్‌పేజీ తెరుచుకుంటుంది, ‘గైడ్’ ఫోల్డర్ నొక్కితే 403 (అనుమతి లేదు). డిఫాల్ట్ రూట్ ఆబ్జెక్ట్ (ఫైలు పేరు లేకుండా అడిగితే ఇచ్చే ఫైలు) మొదటి పేజీకి తప్ప లోపలి ఫోల్డర్లకు వర్తించదు. వ్యూయర్ రిక్వెస్ట్ (చూసేవాళ్ల అభ్యర్థన క్లౌడ్‌ఫ్రంట్‌కి చేరే దశ) దగ్గర చిన్న ఫంక్షన్ పెట్టి, స్లాష్‌తో ముగిసే చిరునామాకి ఇండెక్స్ ఫైలు పేరు కలపాలి. 404 (ఫైలు లేదు) రావాల్సినచోట 403 ఎందుకంటే, లిస్ట్ అనుమతి లేనివాళ్లకి ఫైలు ఉందో లేదో కూడా ఎస్3 చెప్పదు.

జోన్‌ఫైల్: అదే నేననేది. 200 ఎంబీ డాక్స్‌కి ఇన్ని భాగాలు కాపలా కాయాలి. అప్‌లోడ్‌లో కూడా సీఎస్ఎస్, బొమ్మలు ముందు, హెచ్‌టీఎంఎల్ ఆఖర్న వెళ్లాలి. తారుమారైతే కొత్త పేజీ ఇంకా రాని ఫైళ్లని అడుగుతుంది. ఆపైన ఇన్వాలిడేషన్, అంటే క్లౌడ్‌ఫ్రంట్ దాచిన పాత కాపీలు చెరిపించడం.

ఎడ్జ్‌క్యాష్: ఇన్వాలిడేషన్ నెలకు 1000 పాత్‌లు ఉచితం, స్టార్‌తో మొత్తం సైట్ కొట్టినా ఒక్క పాత్ కిందే లెక్క. స్క్రిప్ట్ ఒకసారి రాస్తే సరి. ఫ్రేమ్-యాన్సెస్టర్స్ (మన పేజీని ఎవరు తమ పేజీలో ఇమడ్చవచ్చో చెప్పేది) లాంటి నియమం కావాలంటే మాత్రం పేజీలో రాసే మెటా ట్యాగ్‌తో కుదరదు, హెడరే కావాలి. లాగిన్ లేని డాక్స్‌కి అది అవసరం లేదంటే పేజెస్‌కి నాకూ అభ్యంతరం లేదు.

కొత్తపేజీ: లాగిన్ లేదు, రిపో పబ్లిక్ అయినా పర్లేదు. పేజెస్‌కే వెళ్తా.

జోన్‌ఫైల్: అయితే మెయిన్ డొమైన్‌లో సీఏఏ రికార్డు (ఏ సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వొచ్చో చెప్పేది) ఉందేమో చూసుకోండి. సబ్‌డొమైన్‌కి విడిగా లేకపోతే అదే వర్తిస్తుంది. ఉండి, అందులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ (పేజెస్‌కి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) పేరు లేకపోతే డీఎన్ఎస్ ఎంత సరిగ్గా ఉన్నా సర్టిఫికెట్ రాదు.