పార్కిన్సన్స్: నిద్రలో తన్నులు, గుద్దులు మెలటోనిన్ 6 మి.గ్రా.తో కూడా ఆగట్లేదు

నాన్నగారికి 71 ఏళ్లు, పార్కిన్సన్స్ ఆరేళ్లుగా ఉంది. బెంగళూరులో ఉంటాం. పార్కిన్సన్స్ మాత్ర సిండోపా 110 రోజుకి నాలుగుసార్లు, ఆఖరిది రాత్రి 8కి.

10కి పడుకుంటారు. తెల్లవారుజామున 3 నుంచి 5 లోపు కేకలు, గోడని గుద్దడం, కాళ్లు విసరడం. వారంలో నాలుగైదు రాత్రులు. లేపితే వెంటనే తెలివిలోకి వచ్చి, కుక్క మీద పడిందనో ఎవరో తరిమారనో కల చెబుతారు, కాబట్టి అయోమయం కాదు. వీడియోతో స్లీప్ స్టడీ చేయించాం: కలల నిద్రలో కండరాలు సడలడం లేదు, ఆర్‌ఈఎం స్లీప్ బిహేవియర్ డిజార్డర్ (కలలో చేసేవి ఒంటితో నిజంగా చేసేయడం) అన్నారు. ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లేదు.

డిప్రెషన్‌కి వాడుతున్న మిర్టజపిన్ దీన్ని పెంచవచ్చని డాక్టర్ మెల్లగా ఆపించారు, కొంచెమే తేడా. క్లోనజెపామ్ 0.25 మి.గ్రా. రెండు వారాలు వాడితే తన్నులు ఆగాయి గానీ ఉదయం 10 దాకా మత్తు, బాత్రూం గడప దగ్గర తూలి గోడ పట్టుకున్నారు. దాన్నీ డాక్టరే మాన్పించారు. తర్వాత నిద్ర హార్మోన్ మెలటోనిన్ 3 మి.గ్రా. ఆరు వారాలు, ఇప్పుడు 6 మి.గ్రా. నాలుగు వారాలుగా, పడుకునే అరగంట ముందు. మాత్రలే, గమ్మీల మీద రాసిన మోతాదు నాకు నమ్మకం లేదు. కేకలు తగ్గాయి, చేతులు ఆగలేదు.

పరుపు నేల మీదికి దించాం, బీరువా అంచుకి బొంత కట్టాం, స్టీలు చెంబు, టేబుల్ లాంప్ తీసేశాం. అమ్మ వేరే మంచం మీద.

వచ్చే అపాయింట్‌మెంట్‌లో డాక్టర్‌తో మాట్లాడటానికి అడుగుతున్నాను: క్లోనజెపామ్ పడనివాళ్లకి, మెలటోనిన్ ఎన్ని మి.గ్రా., ఎన్ని గంటలకి ఇచ్చాక చేతులు విసరడం ఆగింది?