బాత్రూం గోడకు బండలు నిలుస్తలేవు, ఏం జెయ్యాలె?

అడిగినవారు (హన్మకొండ): పొద్దటి నుంచి ఆ గోడకాడనే ఉన్న. 2×1 అడుగుల గ్రానైట్ ముక్కలు. నిన్న మూడు వరుసలు పెడితే ఐదు ముక్కలు రాత్రికే కింద పడ్డయ్, రెండు పగిలినయ్. బండలు అంటించే గమ్ము (టైల్ అడ్హెసివ్) మంచి కంపెనీదే, మేస్త్రీ పని తెలిసినోడే. మళ్లీ పెడితే మళ్లీ జారుతున్నయ్. ఇంకే గమ్ము తేవాలె? జర తొందరగ చెప్పున్రి, రేపు మేస్త్రీ వేరే పనికి పోతడట.

బండల పని (కాజీపేట): ఏ రాయి? ఎంత మందం? గోడ మీద ఏమున్నది?

అడిగినవారు: తాండూరు బండ అన్నా, పాలిష్ పెట్టింది, 20 మి.మీ. ఉంటది. గోడ మామూలు ఇటుక గోడనే.

పాలిషింగ్ పని (జమ్మికుంట): ముందుగాల తాండూరు బండను గ్రానైట్ అనుడు బంద్ చెయ్యాలె. కరీంనగర్‌ల దొరికే టాన్ బ్రౌన్ రాయి గ్రానైట్, తాండూరుది సున్నపురాయి. పేరు తప్పుపడితే పని తప్పుతది. గ్రానైట్ మీద మరకకు యాసిడ్ పోస్తరు, అదే యాసిడ్ తాండూరు బండ మీద పడితే పాలిష్ అక్కడికక్కడ చచ్చిపోతది, మళ్లీ మిషిన్ పెట్టి పాలిష్ పట్టాల్సిందే. ఇక్కడి బోరు నీళ్లకు తెల్ల చారలు కూడా పడతయ్. జాయింట్లు నింపకముందే సీలర్, అంటే రాయి నీళ్లు, మరక పీల్చకుండ పూసే మందు, రెండు సార్లు పట్టియ్యి. తర్వాత ఉత్త సబ్బు నీళ్లతోనే కడగాలె, నిమ్మకాయ, వెనిగర్ కూడా వద్దు.

బండల పని (కాజీపేట): ముందు గోడకు నిలవనియ్యి, తర్వాత కడుగుదం. తమ్మీ, పడ్డ ముక్క తిప్పి చూడు. గమ్ము గోడకే ఉండి రాయి వెనక నున్నగ ఉంటే తప్పు రాయిది, వెనక రాతి దుమ్ము కడగలేదన్నట్టు. గమ్ము రాయితోని వచ్చిందంటే తప్పు గోడది. గోడ మీద తాపీతో గీసిన గమ్ము గీతలు నలగకుండ అట్లనే నిలబడి ఉంటే, ఆరినంక అంటించిన్రు.

అడిగినవారు: గమ్ము రాయికే ఉంది, దాని మీద కాగితం లెక్క తెల్లటి పొర. గోడకు లప్పం, పెయింట్ ఉండె. సాండ్ పేపర్ కొట్టించిన. అది కూడా చెప్పాల్నా?

సివిల్ ఇంజినీరు (కరీంనగర్): అదే చెప్పాల్సింది. గమ్ము విడవలేదు, లప్పం విడిచింది. మీ ముక్క ఒక్కొక్కటి దాదాపు 10 కిలోలు. చదరపు మీటరుకు 50 కిలోలు దాటుతుంది. లప్పం పెయింట్‌ను మోయడానికే, రాయిని మోయదు. పైగా తడి తగిలితే మెత్తబడుతుంది. ఏ గమ్ము తెచ్చినా ఇంతే.

లప్పం మొత్తం గీకించండి. తర్వాత సుత్తెతో గోడంతా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట పాత ప్లాస్టరింగ్ ఇటుక దాకా కొట్టేయాలి. షవర్ వైపు గోడ పూర్తిగా కొట్టించడమే మంచిది. ఇటుక జాయింట్లు 10 మి.మీ. లోతు గీకి, దుమ్ము కడిగి, 1:4 సిమెంటు ఇసుకతో 12-15 మి.మీ. ప్లాస్టరింగ్ చేయించండి. 20 దాటాల్సి వస్తే చికెన్ మెష్ (సన్న ఇనుప తీగ జాలి) కొట్టి రెండు సార్లుగా. పైన సిమెంటు పాలతో నున్నగా రుద్దనివ్వకండి, చెక్క తాపీతో గరుకుగా వదిలేయాలి. 7 రోజులు నీళ్లు పట్టండి, తర్వాత కనీసం పది రోజులు ఆరనివ్వండి. 2 మీటర్ల అల్యూమినియం పట్టీ పెడితే 3 మి.మీ. కంటే ఎక్కువ సందు కనబడకూడదు.

ప్లాస్టరింగ్ ఆరాక దాని మీద వాటర్ ప్రూఫింగ్ పూయించండి, సిమెంటు, పాలిమర్ (జిగురు ద్రవం) కలిపే రకం. మొదటి పూత అడ్డంగా, ఆరాక రెండోది నిలువుగా, మూలల్లో ఫైబర్ జాలి. నున్నటి రబ్బరు పూత వద్దు.

బండల పని (కాజీపేట): గమ్ము చుక్కలు పెట్టి అంటించొద్దు. తాండూరు బండ మందం ఒక్క తీరుగ ఉండదు, మేస్త్రీలు అందుకే చుక్కలు పెడతరు. చుక్కల నడుమ నీళ్లు నిలుస్తయ్. గోడకు 10 మి.మీ. పళ్ల తాపీతో గమ్ము గీసి, రాయి వెనక కూడా పలచగ పూయాలె. ఒకటి పెట్టి పీకి చూడు, వెనకంతా గమ్ము అంటాలె. రోజుకు రెండు మూడు వరుసలే. కింద చెక్క బద్ద ఆధారం. 20 కిలోల బస్తా ఈ పనికి 20-25 చదరపు అడుగులకే వస్తది.

ఇంకొకరు (నర్సంపేట): ఇదంత ఎందుకు? సిమెంటు పాలు పూసి షాబాద్ బండలు ముప్పై ఏండ్ల నుంచి నిలుస్తలేవా?

సివిల్ ఇంజినీరు: నేల మీద నిలుస్తాయి, అక్కడ బరువు రాయిని నొక్కుతుంది. గోడ మీద అదే బరువు కిందికి గుంజుతుంది. గమ్ము ఐఎస్ 15477 (టైల్ గమ్ములకు భారత ప్రమాణం) ప్రకారం టైప్ 3 గానీ ఆపైది గానీ తీసుకోండి, బస్తా మీద రాసి ఉంటుంది.

ప్లంబింగ్ (వరంగల్): ప్లాస్టరింగ్ కాకముందే డైవర్టర్ (గోడల బిగించే, నీళ్లను షవర్‌కు, కుళాయికి మళ్లించే వాల్వ్) సంగతి చూస్కో. రాయి, గమ్ము కలిసి 26 మి.మీ. ముందుకొస్తది. మామూలు టైల్స్ లెక్కన బిగించి ఉంటే హ్యాండిల్ లోపలికి పోతది, బండ కోసుడు తప్పది.

అడిగినవారు: డైవర్టర్ పాత లెక్కనే ఉంది. రేపు గోడ కొట్టిస్త. థాంక్స్ అన్నా.

అడిగినవారు: ఇంకొకటి, ఆ గోడకు అవతల బెడ్రూం అల్మారా ఉంది. సగం ఇటుక గోడ. కొడితే అటు పగుళ్లొస్తయా?