అప్‌డేట్: ఎండిపోతున్న జూనిపర్ బోన్సాయ్‌లు, రెండింట్లో ఒకటి దక్కింది

బెంగళూరు బాల్కనీలో చాన్నాళ్లు ఆలనాపాలనా లేక ఆకు బూడిదరంగుకు తిరిగిన రెండు జూనిపర్‌లను (ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు, ఇక్కడ కుండీలో చిన్నగా పెంచే బోన్సాయ్) ఎలా కాపాడుకోవాలని ఇంతకుముందు అడిగాను, వాటి సంగతి ఇది.

చిన్నది పోయింది. బెరడు గోకితే లోపల అంతా గోధుమరంగే. జూనిపర్‌తో చిక్కే ఇది: వేళ్లు చచ్చాక కూడా ఆకు వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది.

పెద్దదానికి పట్టింది ఎర్రనల్లి, అంటే ఆకు రసం పీల్చే అతిచిన్న పురుగు. కొమ్మ కింద తెల్లకాగితం పెట్టి తడితే కదిలే చుక్కలు రాలాయి. ముందు పైపుతో ఆకుల అడుగున బాగా కడిగి, తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం పూట స్ప్రే. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి వారానికోసారి, మూడు నాలుగు విడతలు తప్పవు.

కుండీలో ఎర్రమట్టి, కోకోపీట్ గడ్డకట్టి, నీళ్లు పక్కలనుంచి జారిపోయేవి. నడిమి వేరుముద్ద పొడిగానే ఉండేది. కుళ్లిన వేళ్లు మాత్రమే తీసి, చుట్టూ 3–6 మి.మీ. ఇటుక ముక్కలు, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) సగం సగం, దుమ్ము జల్లించి నింపాను. పాత మట్టి మొత్తం కడిగేయమన్న సలహా పాటించలేదు. నీరసించిన జూనిపర్ దానికి తట్టుకోదు. అదే అదనులో కొమ్మలూ కత్తిరించకూడదు. ఆకుల్లేని పాత కొమ్మ సాధారణంగా మళ్లీ చిగురించదు. కొమ్మను వంచడానికి చుట్టిన లోహపు తీగ బెరడులోకి దిగిపోతే, దాన్ని విప్పబోతే కొమ్మే విరుగుతుంది, కట్టర్‌తో ముక్కలుగా కోసి తీయాలి.

ఇప్పుడు కొనల్లో లేత పచ్చదనం కనిపిస్తోంది, కాబట్టి ఎరువు కాస్త పలచగా మొదలుపెట్టొచ్చు. అక్కడక్కడా వస్తున్న సూదుల్లాంటి ఆకులు రోగం కాదు, చెట్టు పడిన ఒత్తిడికి గుర్తు. వాటిని గిల్లడం లేదు.