రొయ్యల చెరువులపై జగన్నాథన్ పోరాటం నెల్లూరు తీరానికి మేలు చేసిందా?

విడవలూరు ఆక్వా రైతు:
సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వ్యాజ్యంపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును విజయగాథగా చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. పోటు రేఖకు (పోటు వేళ సముద్రపు నీరు చేరే హద్దుకు) 500 మీటర్ల లోపు, పులికాట్ సరస్సుకు 1000 మీటర్ల లోపు ఉన్న రొయ్యల చెరువులను 1997 మార్చి 31లోగా తొలగించాలన్న ఆదేశం, అప్పు తెచ్చి గుంట తవ్వుకున్నవాడినీ వందల ఎకరాల కంపెనీనీ ఒకే గాటన కట్టింది. తమిళనాడు పెద్దమనిషికి మన ఉప్పుటేళ్ల సంగతి ఏం తెలుసు?

ఇందుకూరుపేట మాగాణి రైతు:
ఒకే గాట కాదండీ. సంప్రదాయ, మెరుగుపరచిన సంప్రదాయ పద్ధతులకు ఆ తీర్పే మినహాయింపు ఇచ్చింది. ఆయన రైతుకు పరాయివాడూ కాదు. వినోబా వెంట భూదానంలో నడిచి, భార్య కృష్ణమ్మాళ్‌తో కలిసి 1981లో లాఫ్టి సంస్థను స్థాపించి, భూమిలేని దళిత కుటుంబాలకు సాగునేల ఇప్పించినవాడు, నాగపట్నం వైపు అవే పొలాల పక్కన కంపెనీలు ఉప్పునీరు నిలపడం చూసి ముదిమిలో కోర్టుకెక్కాడు. మన సంగతే చూడండి: తీర్పు రాకముందే, 1994–95లో, తెల్లమచ్చ వైరస్ మన చెరువులను ఊడ్చేసింది. ఒకరు ఏట్లోకి వదిలిన రోగపు నీటినే పక్కవారు మోటారు పెట్టి తోడుకుంటే ఇంకేం జరుగుతుంది? వదిలే నీటిపై అదుపు ఉండాలన్న వాదన మాగాణికి ఎంత అవసరమో, రొయ్యకూ అంతే అవసరం.

ఒంగోలు న్యాయ విద్యార్థి:
తీర్పు పూర్తిగా అమలైందన్నట్టే ఇద్దరూ మాట్లాడుతున్నారు. పార్లమెంటు 2005లో చేసిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం 500 మీటర్ల హద్దును 200కు కుదించింది. అప్పటికే ఉన్న చెరువులకు అదీ వర్తించలేదు. 2008లో ఆ దంపతులకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చేనాటికి కోర్టులో గెలిచినదానిలో చాలా భాగం చట్టం చేతిలో కరిగిపోయింది. మిగిలినది చెరువుల రిజిస్ట్రేషన్, వాటిపై ఒక అథారిటీ. చిన్న మాటేమీ కాదు, కానీ తీరాన్ని కాపాడేసిందనీ, రైతును ముంచేసిందనీ అనడానికి రెండింటికీ ఆధారం చాలదు.

విడవలూరు ఆక్వా రైతు:
వదిలే నీటి మాటతో నాకు పేచీ లేదు. అయితే ఐదెకరాలున్నవాడు ఆ నీటిని శుద్ధి చేసే గుంటకు ఎకరం వదిలితే, ఆ పంట నష్టం ఎవరు పూడుస్తారు? ఊరికొక ఉమ్మడి శుద్ధి చెరువును ప్రభుత్వమే తవ్వించాలని మీరు అడిగితే, సంతకం నాదే మొదటిది.