నాచెజ్ (మిసిసిపీ) ఎవరైనా వెళ్లొచ్చారా? అమ్మ, నాన్నలతో మూడు రోజులు

హ్యూస్టన్_గుంటూరోడు
అందరికీ నమస్కారం. అమ్మా నాన్నా గుంటూరు నుంచి వచ్చి నెలన్నర అయింది. నయాగరా అయింది, డిస్నీ అయింది. నాన్న రిటైరైన సోషల్ మాస్టారు. "ఈ దేశంలో పాత ఊరంటూ లేదా, అన్నీ నిన్న కట్టినట్టున్నాయి" అని రోజూ పోరు. మార్చిలో మూడు రోజులు సెలవు పెట్టి మిసిసిపీ నది ఒడ్డున నాచెజ్ వెళ్దామనుకుంటున్నా. ఏం చూడాలి, ఏం తినాలి? అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్న చికెన్, చేపలు తింటారు. అమ్మకి మోకాళ్ల నొప్పి, మెట్లు ఎక్కువ ఎక్కలేదు.

బాటన్‌రూజ్_బాబాయ్
మంచి ఊరు పట్టావు అబ్బాయ్. మా దగ్గర్నుంచి హైవే 61 మీద గంటన్నర, మీ హ్యూస్టన్ నుంచి ఐదున్నర, ఆరు గంటలు పడుతుంది. 1716లో ఫ్రెంచివాళ్లు కోట కట్టుకుని మొదలెట్టిన ఊరు, న్యూ ఆర్లీన్స్ కంటే రెండేళ్లు పెద్దది. ఇప్పుడు జనాభా పదిహేను వేల లోపే.

ఒక్క ఇల్లే చూసే టైముంటే లాంగ్‌వుడ్ చూడండి. ఎనిమిది పలకల ఇల్లు, పైన ఉల్లిపాయ ఆకారంలో గుమ్మటం. హాలర్ నట్ అనే పత్తి ఆసామి 1860లో మొదలుపెట్టాడు. ప్లానులో 32 గదులు. మరుసటి ఏడు ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలయ్యేసరికి ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన మేస్త్రీలు, వడ్రంగులు పనిముట్లు అక్కడే పడేసి ఊళ్లకు పోయారు. అడుగు అంతస్తులో తొమ్మిది గదులు మాత్రం ఆయన బానిసల చేత పూర్తి చేయించుకున్నాడు. 1864లో న్యుమోనియాతో పోయాడు. భార్య, పిల్లలు ఆ తొమ్మిది గదుల్లోనే బతుకీడ్చారు. పైన ఇప్పటికీ ఉత్త ఇటుక గోడలు, చెక్క దూలాలు. కింద గదిలో పియానో, పరదాలు చూసి, పైకొచ్చి తలెత్తితే గుమ్మటం దాకా ఖాళీ. ఒళ్లు జలదరిస్తుంది. మెట్లు కొన్ని ఉంటాయి, అమ్మగారు నెమ్మదిగా ఎక్కాలి.

పప్పుచారు
వెజ్ వాళ్ల కోసం నా గోడు వినండి. ఒక హోటల్లో (పేరు వద్దులెండి) కాలర్డ్ గ్రీన్స్ తెప్పించుకున్నా. చూడ్డానికి అచ్చం మన తోటకూర వేపుడు. "ఈజ్ ఇట్ వెజిటేరియన్?" అని అడిగితే ఆవిడ ఎంతో ప్రేమగా "ఎస్ హనీ, ఇట్స్ ఆల్ వెజిటబుల్స్" అంది. సగం తిన్నాక స్పూనుకి గులాబీ రంగు ముక్క తగిలింది. పంది కాలి ముక్క! ఆవిడ అబద్ధం చెప్పలేదు పాపం. వాళ్ల లెక్కలో అది కూరలో వేసే పోపు సామాను, మాంసం కాదు.

కాబట్టి అడగాల్సింది "వెజ్ ఆ?" అని కాదు. "ఇందులో బేకన్, హ్యామ్, చికెన్ స్టాక్, లార్డ్ (పంది కొవ్వు) ఏమైనా పడ్డాయా?" అని విడివిడిగా అడగాలి. ఆకుకూర, బీన్స్, రాజ్మా, మూడింటినీ చాలాచోట్ల పందితోనే ఉడికిస్తారు. బిస్కెట్ అంటే మన మారీ బిస్కెట్ అనుకోకండి, మెత్తటి రొట్టె. వెన్నతో చేస్తే పర్లేదు, కొన్నిచోట్ల పంది కొవ్వు వేస్తారు.

అమ్మగారికి నడిచేవి: గ్రిట్స్ (మొక్కజొన్న నూక జావ, వెన్న, ఉప్పు. కాస్త ఆవకాయ పట్టుకెళ్తే స్వర్గం), కాల్చిన చిలగడదుంప. కోల్‌స్లా (క్యాబేజీ సలాడ్) అయితే మయొనైజ్‌లో గుడ్డుంటుంది కాబట్టి వద్దు. పచ్చి టమాటా వేపుడు బావుంటుంది కానీ గుడ్డులో ముంచుతారు. బెండకాయ వేపుడు చూసి ఆశపడకండి, అదే నూనెలో క్యాట్‌ఫిష్ వేయించి ఉంటారు.

డల్లాస్_డ్యూడ్
ఇంత టెన్షన్ ఎందుకు బ్రో, కిచెన్ ఉన్న రూమ్ తీసుకుని రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి. పప్పన్నం, పెరుగు. అయిపోయింది.

పప్పుచారు
కుక్కర్ ఎలాగూ పెట్టుకుంటారు లెండి, మనవాళ్లకి చెప్పాలా? కానీ ఊరికెళ్లి ఊరి తిండి రుచి చూడకపోతే ఎలా!

తీరిక_లేని_చరిత్ర
లాంగ్‌వుడ్, స్టాంటన్ హాల్, మెల్‌రోజ్... తెల్ల స్తంభాల ఇళ్లు అందరూ చెప్తారు. నేనైతే ముందు ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ దగ్గర ఆగమంటాను. ఊరి చివర రోడ్లు చీలే చోట చిన్న జాగా, నాలుగు బోర్డులు, సిమెంటులో దిగేసిన ఇనప సంకెళ్లు. టికెట్టు లేదు. 1833 నుంచి 1863 దాకా ఇక్కడ మనుషుల్ని అమ్మారు. న్యూ ఆర్లీన్స్ తర్వాత ఈ దక్షిణాదిలో ఇంత పెద్ద బానిస సంత ఇంకోటి లేదు. వర్జీనియా, మేరీలాండ్ నుంచి గొలుసులేసి నడిపించుకొచ్చేవారు. ఆ ఇళ్లకి డబ్బు ఇచ్చిన పత్తి ఎవరు ఏరారో ఇది చూశాక అర్థమవుతుంది. 1863లో యూనియన్ (ఉత్తరాది) సైన్యం వచ్చాక ఆ కొట్లను పీకేసినవాళ్లు నల్ల సైనికులే. 2021 నుంచి ఇది నేషనల్ పార్కులో భాగం.

అక్కడి నుంచి స్టేట్ స్ట్రీట్‌లో విలియం జాన్సన్ ఇంటికి వెళ్లండి. బానిసగా పుట్టి, 11 ఏళ్ల వయసులో విడుదలై, ఊళ్లో పేరున్న క్షౌరశాల యజమాని అయ్యాడు. 1835 నుంచి 1851 దాకా డైరీ రాశాడు. ఎవరు ఎవర్ని కొట్టారు, ఎవరు పందెంలో ఓడారు, అన్నీ. అన్నట్టు ఆయనకీ బానిసలున్నారు, ఆ ముడి నాకు ఇప్పటికీ విడలేదు. 1851లో పొలం గట్టు తగాదాలో కాల్చి చంపారు. చూసిన సాక్షులు నల్లవాళ్లు కాబట్టి, తెల్లవాడినని వాదించిన నిందితుడి మీద వాళ్ల మాట చెల్లలేదు. వాడు బయటపడ్డాడు. గట్టు తగాదా అంటే మీ నాన్నగారికి విడమరిచి చెప్పక్కర్లేదు.

డల్లాస్_డ్యూడ్
పెద్దవాళ్లు సరదాగా చూడ్డానికి వస్తే బానిస సంత చూపించాలా? నాలుగు ఫోటోలు దిగేలాంటి చోట్లు చెప్పండి.

జాక్సన్_నైట్‌డ్యూటీ
నేను జాక్సన్‌లో నర్సుని, ఆరేళ్లుగా ఇక్కడే. అబ్బాయి చెప్పింది అర్థమైంది గానీ, ఆ ఇళ్లలో టూరు చెప్పే కొంతమంది గంటసేపు కుర్చీలు, పింగాణీ గురించి చెప్పి, వంట ఎవరు చేశారన్న దగ్గర "సర్వెంట్స్" అని దాటేస్తారు. మా మావయ్యగారు నెమ్మదిగా "జీతం ఎంత ఇచ్చేవారండీ?" అని అడిగారు. గది అంతా నిశ్శబ్దం. ముందు సంత చూసి వెళ్తే అలాంటి ప్రశ్న మనకే వస్తుంది.

హైవే 61 మీద పావడా ఆకారంలో కట్టిన హోటల్ ఒకటి కనిపిస్తుంది, మామీస్ కబ్బర్డ్. 28 అడుగుల ఆడమనిషి బొమ్మ, ఆవిడ పావడా లోపలే భోజనం. 1940 నాటిది. నల్ల వంటమనిషిని అలా బొమ్మ చేశారన్నది తెలిశాక నాకు దిగబుద్ధి కాలేదు. మీ ఇష్టం.

ఇంకోటి. ఊరి శ్మశానం తప్పక చూడండి, శకునం అనుకోకపోతే. ఫ్లోరెన్స్ ఫోర్డ్ అనే పదేళ్ల పిల్ల 1871లో చనిపోయింది. ఉరుములంటే భయమట ఆ పిల్లకి. అందుకని వాళ్లమ్మ సమాధి పక్కనే కిందికి మెట్లు కట్టించుకుంది. గాలివాన వచ్చినప్పుడల్లా దిగి, పిల్ల తల దగ్గర కూర్చునేదిట. ఇనప తలుపులు, మెట్లు ఇప్పటికీ ఉన్నాయి.

హ్యూస్టన్_గుంటూరోడు
ఇది చదివి అమ్మకి చెప్పా. "ముందు అక్కడికే తీసుకెళ్లు" అంది.

బుట్టకుడుము
తమాలే సంగతి ఎవరూ ఎత్తలేదే! మిసిసిపీ వాళ్లకి ఇదో పిచ్చి. మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి, మొక్కజొన్న పొత్తి పొట్టులో చుట్టి ఉడికిస్తారు. కోనసీమలో పనసాకుల బుట్టల్లో పొట్టిక్కలు వేసుకుంటాం చూడండి, ఆ వాటమే. మెక్సికో వంటకం ఇంత లోపలికి ఎలా వచ్చిందంటే పత్తి చేలల్లో మెక్సికన్ కూలీలు, నల్ల కూలీలు పక్కపక్కన పనిచేసినప్పుడు అని చాలామంది చెప్తారు. నాచెజ్‌లో ఫ్యాట్ మామాస్ తమాలేస్ పేరున్నది. పొట్టు వలిచి తినాలి, మా ఫ్రెండొకడు పొట్టుతో సహా నమిలాడు. లోపల బీఫా పోర్కా అన్నది ముందే అడగండి, మన పెద్దవాళ్లతో అది ముఖ్యం.

బాటన్‌రూజ్_బాబాయ్
ఇంకో రెండు ముక్కలు. ఆదివారం రాత్రి, సోమవారం చాలా హోటళ్లు మూత. మేం ఒక సోమవారం మూడు తలుపులు తట్టి చివరికి గ్యాస్ స్టేషన్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తిన్నాం. అవి మాత్రం మన ఊరి రుచే.

తిరుగు ప్రయాణంలో టైముంటే నాచెజ్ ట్రేస్ పార్క్‌వే ఎక్కండి. ఇక్కడి నుంచి నాష్‌విల్ దాకా 444 మైళ్లు. లారీలు రావు, ప్రకటనల బోర్డులు లేవు, స్పీడు 50 దాటకూడదు. దాని మీద పెట్రోలు బంకులు ఉండవు, ముందే నింపుకోండి. పదో మైలు దగ్గర ఎమరాల్డ్ మౌండ్, సుమారు ఎనిమిది ఎకరాల మట్టి దిబ్బ. తెల్లవాళ్లు రాక ముందు ఇక్కడి జనం బుట్టలతో మట్టి మోసి కట్టుకున్న గుడి అనుకో. ఊళ్లోనే నాచెజ్ తెగ వాళ్ల గ్రాండ్ విలేజ్ కూడా ఉంది, ఉచితం, అంతా చదును నేల. ఊరికి పేరు వాళ్లదే. 1729లో ఫ్రెంచి కోట మీద తిరగబడ్డారు, రెండేళ్లలో ఫ్రెంచివాళ్లు వాళ్ల ఊరే లేకుండా చేశారు.

హ్యూస్టన్_గుంటూరోడు
వెళ్లొచ్చామండీ! కారు దిగి రెండు రోజులైంది, ఇప్పటికి తీరింది.

లాంగ్‌వుడ్ పై అంతస్తులో నాన్న చాలాసేపు ఆ ఇటుకల కేసి చూసి, "ఇల్లు కట్టి చూడు అని ఊరికే అన్నారా" అన్నారు. ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ దగ్గర మాత్రం ఏమీ మాట్లాడలేదు. కారెక్కాక మొదలుపెట్టారు. ఆ అంతర్యుద్ధంలో ఇక్కడి పత్తి ఆగిపోతే ఇంగ్లండ్ మిల్లులు మన వైపు చూశాయట. గుంటూరు వైపు పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కడం ఆ రోజుల్లోనే జోరందుకుందట. "ఇక్కడ వీళ్ల మెడ మీద గొలుసు ఊడుతుంటే అక్కడ మన పత్తికి రేటొచ్చింది" అని అరగంట క్లాసు పీకారు. నాకు స్కూల్లో ఇది ఎవరూ చెప్పలేదు, ఆయనతో సహా.

శ్మశానంలో అమ్మ మెట్లు దిగలేదు. పైనే నిలబడి మా అక్క చిన్నప్పుడు పిడుగులకి భయపడి మంచం కింద దూరేదని చెప్పింది. ఆ రాత్రి అక్కకి ఫోన్ చేసి గంట మాట్లాడింది.

తిండి: పప్పుచారు గారి ప్రశ్న కాగితం మీద రాసుకెళ్లా. రెండు చోట్ల గ్రీన్స్‌లో పంది ఉందని వాళ్లే చెప్పారు, మూడో చోట వంటావిడ స్వయంగా బయటికొచ్చి అమ్మ కోసం వేరే మూకుట్లో వెల్లుల్లి వేసి ఆకుకూర వేయించింది. అమ్మ ఆవిడకి గోంగూర ఎలా చేస్తారో చేతులతో చూపించింది. ఒకరి భాష ఒకరికి రాదు, పది నిమిషాలు మాట్లాడుకున్నారు.

సాయంత్రం అండర్ ది హిల్, సిల్వర్ స్ట్రీట్ కింద నది ఒడ్డు. అవతల లూసియానాలో సూర్యుడు దిగుతుంటే అమ్మ పర్సులోంచి రూపాయి బిళ్ల తీసి నీళ్లలో వేసింది. పావలా డాలరు బిళ్ల ఇస్తానన్నా వినలేదు, "గోదావరికి డాలరు వేస్తామా?" అంది.

బుట్టకుడుము
అంతా బానే ఉంది, తమాలే తిన్నారా లేదా?

హ్యూస్టన్_గుంటూరోడు
బీఫ్ అన్నారు, నాన్న వెనక్కి తగ్గారు. బదులుగా క్యాట్‌ఫిష్ రెండు ప్లేట్లు. వాలుగ చేపకి చుట్టమే గానీ పులుసు పెట్టడం వీళ్లకి రాదన్నారు.