బొల్లి మచ్చలకు కవర్ క్రీమ్: వేసుకోవడం తప్పా?

శారద_ఖమ్మం
నాకు ముఖం మీద, చేతుల మీద బొల్లి ఉంది. కొన్నాళ్లుగా మచ్చలు కప్పే క్రీమ్ వేసుకుని ఆఫీసుకు వెళ్తున్నాను. ఇది మామూలు ఫౌండేషన్ కాదు, రంగు చిక్కగా ఉంటుంది. పైన పౌడర్ అద్దితే తొందరగా చెదరదు. బస్సులో నా పక్కన కూర్చోవడానికి ఎవరూ జంకడం లేదు. మనసు తేలికైంది. కానీ బొల్లి ఉన్నవాళ్ల గ్రూపులో ఒకావిడ, "నీలాంటివాళ్ల వల్లే మనం ఇంకా దాక్కుంటున్నాం" అన్నారు. మీరేమంటారు?

వరంగల్_వాసి
ఆవిడ చెప్పింది నిజమే. విన్నీ హార్లో మచ్చలతోనే పెద్ద మోడల్ అయింది. మన తెలుగు సినిమాల్లోనూ చేసిన మమతా మోహన్‌దాస్ 2023లో తన బొల్లి గురించి బయటికే చెప్పారు. అందరూ కప్పుకుంటే జనం ఎప్పటికి అలవాటుపడతారు?

శారద_ఖమ్మం
వాళ్లు సెలబ్రిటీలు, వాళ్ల ధైర్యానికి దండం. నేను రోజూ సిటీ బస్సు ఎక్కుతాను. "అంటుకుంటుందా అమ్మా?" అని అడిగిన ప్రతివాళ్లకూ, ఇది అంటురోగం కాదు, కుష్ఠు అసలే కాదు, ఒంట్లోని రోగనిరోధక శక్తే రంగు కణాలను దెబ్బతీస్తుంది అని పాఠం చెప్పే ఓపిక నాకు లేదు.

గోదావరి_గట్టు
రాజమండ్రి ఎండలో నిలుస్తుందా ఇది?

వరంగల్_వాసి
అదీ ప్రశ్న! చెమటకు కారిపోతే ఇంకా అవమానం.

చర్మవిభాగం_నర్సు
సరిగ్గా వేస్తే గంటల తరబడి ఉంటుంది, గట్టిగా తుడిస్తే పోతుంది. చెమట భయం ఉన్నవాళ్లకు డైహైడ్రాక్సీ అసిటోన్ లోషన్ ఉంది. చర్మం పైపొరకు గోధుమరంగు పట్టించి మూడు నుంచి అయిదు రోజులు ఉంటుంది, కడిగితే పోదు. అది ఎండను మాత్రం ఆపదు, సన్‌స్క్రీన్ విడిగా రాయాలి. ఇక మనసు సంగతి. చర్మవ్యాధి బతుకును ఎంత ఇబ్బంది పెడుతోందో కొలవడానికి పది ప్రశ్నల స్కోరు ఒకటుంది, 30కి. ఎక్కువ వస్తే ఎక్కువ బాధ. బొల్లి ఉన్నవాళ్లు ఈ క్రీములు వాడాక సగటు 7.3 నుంచి 5.9కి తగ్గిందని 2005లో బెల్జియం డాక్టర్లు రాశారు.

వరంగల్_వాసి
ముప్పైలో 1.4 తేడా! దీనికోసమా ఇంత హడావిడి?

చర్మవిభాగం_నర్సు
అది సగటు అండి. కొందరికి ఏమీ మారదు, కొందరికి బయటికి అడుగుపెట్టే ధైర్యం వస్తుంది.

వరంగల్_వాసి
1.4 అంటే 1.4 అండి.

కాలిన_చెయ్యి
నాది గ్యాస్ ప్రమాదంలో కాలిన మచ్చ. క్రీమ్ రంగును కప్పుతుంది, చర్మం ఎగుడుదిగుడును కప్పదు. అయినా పెళ్లిళ్లకు వేసుకుంటాను.

శారద_ఖమ్మం
వరంగల్ గారూ, మీకు అంకెతో పనేంటి? నా ముఖం మీద నేను రాసుకుంటే మీకెందుకింత కోపం?

వరంగల్_వాసి
ఎందుకా? మా అక్కకు పెళ్లిచూపుల్లో ఇలాగే పూసి కూర్చోబెట్టారు. పెళ్లయ్యాక అత్తవారికి తెలిసి, మోసం చేశారంటూ పుట్టింటికి పంపేశారు. ఇప్పటికీ ఇంట్లోనే ఉంది. క్రీమ్ అంటే నాకు అదే కళ్ల ముందు కనిపిస్తుంది.

శారద_ఖమ్మం
చాలా బాధగా ఉంది తమ్ముడూ. ఒక్కటి చెప్పు, పూయమని అక్క అడిగిందా?

వరంగల్_వాసి
లేదు. వద్దని ఏడ్చింది. అమ్మే పూసింది.

శారద_ఖమ్మం
మరి నాకెవరూ పూయలేదే. పొద్దున్నే నేనే వేసుకుంటాను, ఆదివారం వేసుకోను. ఆఫీసులో దగ్గరివాళ్లకు నా బొల్లి సంగతి తెలుసు. ఈ రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోను.

గోదావరి_గట్టు
ఎండ గురించి ఊరికే అడగలేదు. మా అమ్మాయికి మెడ మీద మచ్చలున్నాయి. క్రీమ్ వేసుకోనంటోంది, నేనే పోరుతున్నాను. సంబంధాలు వెనక్కి పోతుంటే తల్లిని, ఏం చెయ్యను?

వరంగల్_వాసి
మా అమ్మా ఇదే మాట అనేది అమ్మా.

శారద_ఖమ్మం
సంబంధం వాళ్లకు ముందే చెప్పండి. క్రీమ్ మాట అమ్మాయికి వదిలేయండి.

గోదావరి_గట్టు
చెప్తాను, అది సరే. కానీ పెళ్లి ఫోటోలకైనా వేసుకోమని అడుగుతాను.

వరంగల్_వాసి
ఫోటోలకు మాత్రం ఎందుకమ్మా?