అక్క వాటా వదులుకుంది, ఇప్పుడు అడగొచ్చా?

కొబ్బరాకు (అంబాజీపేట): మా అక్కకు 1983లో పెళ్లయింది. 1996 నవంబరు తుఫానుకి తోటలో సగం చెట్లు పడిపోయాయి, ఆ దిగులుతోనే నాన్న పోయారు. అప్పుడు అక్క వచ్చి "ముందు నువ్వు నిలదొక్కుకోరా తమ్ముడూ" అని తన వాటాకి హక్కు విడుదల దస్తావేజు రాసిచ్చింది. డొక్కా సీతమ్మగారి గడ్డ కదా, ఆ గుణమే వచ్చిందని నలుగురిలో చెప్పుకుంటాను. ఇప్పుడు మేనల్లుడు "అమ్మ వాటా సంగతేంటి మావయ్యా" అంటున్నాడు. ఇచ్చింది మళ్లీ అడిగితే త్యాగానికి విలువేముంది?

వశిష్ఠ గట్టు: 1983లో పెళ్లయితే అప్పటికి హక్కే లేదండి. 1986లో ఆంధ్రాలో కూతుళ్లకీ హక్కిస్తూ చట్టం మార్చినా, 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్లైనవాళ్లకి వర్తించలేదు. లేనిది వదులుకోవడం త్యాగమెలా అవుతుంది?

మండపేట ఆడపడుచు: సగం తెలిసి రాయకండి. మీరు చెప్పేది పుట్టుకతో వచ్చే హక్కు సంగతి. తండ్రి పోతే ఆయన భాగంలో కూతురికి వాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉంది. లేకపోతే సంతకం ఎందుకు పెట్టించుకున్నట్టు? సీతమ్మగారు 1841లో మా ఊళ్లో పుట్టారు. లంకల గన్నవరంలో గోదారి దాటే బాటసారులకి వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. ఆవిడ ముందు ఎవరూ కాగితం పెట్టి సంతకం చెయ్యమనలేదు. మా అన్నలు నన్ను "పుట్టిల్లు కావాలా, పొలం కావాలా" అన్నారు. పెన్ను కూడా వాళ్లే చేతికిచ్చారు.

లంక రైతు: సీతమ్మగారు లెక్క రాసుకోలేదు. త్యాగమంటే అదే.

వశిష్ఠ గట్టు: రిజిస్టరైన దస్తావేజు. ఇష్టపూర్వకంగా అని అందులో ఉండే ఉంటుంది.

మండపేట ఆడపడుచు: ఆ మాట రాసేది దస్తావేజు లేఖరి.

కొబ్బరాకు: మీ అన్నల మీద కోపం నా మీద చూపించకండమ్మా. అక్కని ఎవరూ బలవంతపెట్టలేదు. ఏటా సంక్రాంతికి చీర పెడుతూనే ఉన్నాను.

మండపేట ఆడపడుచు: ఇప్పుడు అక్క ఎలా ఉంది? అదొక్కటీ రాయలేదు.

కొబ్బరాకు: బావగారు పోయి మూడేళ్లు. కాకినాడలో అద్దె గదిలో ఉంటోంది. తను నోరు తెరిచి అడగలేదు. పొలం పోతుందని కాదండి నా బాధ, ఇప్పుడు తిరిగిస్తే అప్పుడు తను చేసింది అప్పు కింద తేలిపోదా? ఇన్నేళ్లూ దేవతలా చెప్పుకున్నాను.

మండపేట ఆడపడుచు: దేవత అద్దె కడుతోంది. మేనల్లుడు లేనప్పుడు వెళ్లి ఆవిణ్ణే అడగండి.

కొబ్బరాకు: అడిగితే వద్దనే అంటుంది.

మండపేట ఆడపడుచు: అంటుంది. మా అన్నలు అడిగినా నేనూ వద్దనే అంటాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.